అత్తయ్యనెవరు అడిగారు?

దక్షిణపు కొస, పాత క్వార్టరు, వంటగది బల్ల
నవంబరు 10

గౌరవనీయులైన గార్డుగారికి,

తప్పు జరిగింది. చేసింది మీరు.

‘మామయ్యా’ అని మొదలుపెట్టి కొట్టేశాను. కొట్టివేత పైన కనిపిస్తోంది కదా, కనిపించనీయండి.

ముప్పై నాలుగేళ్ళు రైలు గార్డుగా పనిచేసి దిగినవాళ్ళకి కంపెనీ ఒక కాగితం ఇస్తుంది. లైనుకి ఈ కొసన ఎండల కాలనీ, ఆ కొసన మంచు కాలనీ. బతికినన్నాళ్ళూ ఉండటానికి ఇల్లు ఎక్కడ కావాలో టిక్కు పెట్టమని. ఇల్లు ఇద్దరికి, టిక్కు మాత్రం ఒకరిది. మీరు ఆఫీసులో గుమాస్తాని పెన్ను అడిగి తీసుకుని, మంచుకి టిక్కు పెట్టి, పెన్ను మీ జేబులో వేసుకుని (అదీ తప్పే) ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఏమన్నారు? “సంతకం పెట్టేశాను, సామాను సర్దు.”

అత్తయ్య ఏమంది? “మీ సామాను మీరు సర్దుకోండి.”

ఆ తర్వాత మీ ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణంతా కలిపితే పెట్టె మూత పడ్డ చప్పుడు ఒకటి. మర్నాడు పొద్దున్న మీరు లేరు.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆస్పత్రి లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ ముందు నిలబడ్డ మనిషి. మీరు వారానికి నాలుగు రోజులు రైల్లో చల్లగాలి తింటుంటే ఇల్లు నడిపిన మనిషి. పదేళ్ళ వయసులో ఒక సంచితో మీ గడపెక్కిన నన్ను పెంచిన మనిషి. ఆవిణ్ణి మీరు లగేజీలో రాయించుకుని పోదామనుకున్నారు. దీన్ని ఏకపక్ష నిర్ణయం అంటారు. దీని మీద ఎనిమిది పేజీల కరపత్రం ఉంది. నిన్ననే నాలుగొందల కాపీలు మడతపెట్టాను.

మా డిమాండు ఒక్కటే. టిక్కు మార్చండి. మే నెలాఖరు లోపల ఒక్కసారి మార్చుకోవచ్చనీ, మార్చాలంటే భార్య సంతకం కూడా కావాలనీ ఆ కాగితం వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. మీరు చదివుండరు. మే ముప్పై ఒకటికి ఈ పాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత అత్తయ్య ఎక్కడుంటుందో మీ టిక్కు చెప్పడం లేదు.

ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మనిషి తన సూర్యుణ్ణి వదులుకోదు. ఆవిడ తరఫున నేను మాట్లాడుతున్నాను.

ఆవేశంతో కాదు, న్యాయంతో,
మీ మేనకోడలు


ఉత్తరపు కొస, మంచు కాలనీ, ఏడో నంబరు, స్టవ్వు పక్కన
నవంబరు 21

చిరంజీవి కరపత్రానికి,

ఆశీస్సులు. నీ జాబు పక్కింటాయనకి కూడా చదివి వినిపించాను. ఆయన రిటైరైన ఇంజన్ డ్రైవరు. “ఈ పిల్లకి బొగ్గు అక్కర్లేదండీ, మీదకెక్కి కూర్చుంటే చాలు, బండి పోతుంది” అన్నాడు.

నువ్వు ప్రెస్సులో కరపత్రాలు మడతపెడుతూ చదువుతావని తెలుసు. ఎలా చదువుతావో కూడా తెలుసు, ఓసారి వచ్చి చూశాను కదా. పెద్ద కాగితం బల్ల మీద పడుతుంది. పైకున్న వైపు ఒకటి, నాలుగు, అయిదు, ఎనిమిది పేజీలు. రెండూ మూడూ, ఆరూ ఏడూ కింద వైపు. తిరగేసే తీరిక నీకుండదు, మడత పడేసరికి ఇంకో కాగితం. అంచేత లోకంలోని ప్రతి అన్యాయం గురించీ నీకు సరిగ్గా సగం తెలుసు. ఆ సగం మాత్రం గట్టిగా తెలుసు, కాదనను.

ఇక చలి సంగతి నాకు చెప్పకు. ముప్పై నాలుగేళ్ళు వారం వారం ఈ ఊళ్ళో దిగినవాణ్ణి. డ్యూటీ దిగాక మేం పడుకునే రన్నింగ్ రూముండేది. తలుపు తీసేసరికి స్టవ్వు ఎర్రగా ఉండేది, కెటిల్ మూత టకటకలాడేది. కిటికీ బయట మోకాలెత్తు మంచు, మెట్ల దగ్గర మాత్రం దారి శుభ్రంగా ఉండేది. ఆ కుర్చీలో కూర్చునే నిర్ణయించుకున్నాను, పనిలోంచి దిగితే ఇక్కడే దిగాలని. చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకోవచ్చు. ఎండ కాస్తే ఏం విప్పుతావే? చర్మమా?

మీ అత్తయ్యకి చెప్పు, ఇక్కడ రెండు గదులు, వంటగదిలో పెద్ద కిటికీ అని. వద్దులే, చెప్పకు. తెలుసుకోవాలనుంటే తనే అడుగుతుంది.

మోకాలి మందు వేసుకుంటోందా? నేనడిగానని అనకు.

నిన్ను ఎత్తుకుని ఆడించలేదు గానీ భరించిన
మామయ్య


దక్షిణపు కొస, పాత క్వార్టరు, తెరిచిన కిటికీ
డిసెంబరు 18

గార్డుగారికి,

కిటికీ తెరిచి రాస్తున్నాను. మళ్ళీ చదవండి: డిసెంబరులో, కిటికీ తెరిచి. లేత ఎండ బల్ల మీద పడి సిరా ఇట్టే ఆరిపోతోంది. నిన్న సాయంత్రం పలచటి చొక్కాతో నడుచుకుంటూ ప్రెస్సు నుంచి ఇంటికొచ్చాను. మీరేం వేసుకున్నారు? లోపలి నుంచి వరసగా రాయండి, చదువుకుని నవ్వుకుంటాం.

మందు వేసుకుంటోంది. మీరడిగారని నేననలేదు. కానీ మీ జాబు నేను పైకి చదువుతుంటే అక్కడ ఒక్క క్షణం కత్తి ఆగింది, ఉల్లిపాయ మీద.

అత్తయ్యలో పోరాటపటిమ మీరనుకున్నంత తక్కువేం కాదు. మీ కిటికీ వర్ణన విని ఒక ప్రశ్న వేసింది: “మంచు పడేటప్పుడు చప్పుడవుతుందేమో అడుగు. నేనడిగానని రాయకు.” ఎంత వెటకారమో చూశారా! ఒక్క ప్రశ్నతో మీ మంచు మొత్తం కరిగించేసింది. ఆ వాక్యం ప్రెస్సులో అందరికీ చెప్పాను. టైపు పేర్చే ఆయన చప్పట్లు కొట్టాడు.

తల వంచం. సూర్యుడు మావాడు.

మీ మేనకోడలు


ఉత్తరపు కొస
జనవరి 19

కరపత్రమా,

చిన్న జాబు. అక్షరాలు వంకర పోతున్నాయంటే తప్పు పెన్నుది. ఆ గుమాస్తా పెన్నే. దొంగసొత్తు కదా, చలికి సిరా గడ్డకట్టి పగ తీర్చుకుంటోంది.

ఇక్కడ అంతా దివ్యంగా ఉంది. వంటింటి కుళాయి విశ్రాంతి తీసుకుంటోంది. కోడిగుడ్డు పగలగొడితే గోలీకాయలా దొర్లింది, కొత్త అనుభవం. ఇంజన్ డ్రైవరు రోజూ వచ్చి నా స్టవ్వు వెలిగించి పోతున్నాడు, కేవలం స్నేహం కొద్దీ.

చప్పుడు కాదు. మంచు పడేటప్పుడు చప్పుడనేదే ఉండదు. ఉన్న చప్పుళ్ళు కూడా ఆగిపోతాయి. ఇది నీకు చెబుతున్నాను, వేరెవరికీ కాదు.

మామయ్య


దక్షిణపు కొస, ప్రెస్సు, మడత బల్ల
ఫిబ్రవరి 9

గార్డుగారికి,

మీ అక్షరాలు పేజీ మీద కాలుజారి పడుతున్నట్టున్నాయి. పెన్ను మీద నింద మోపడం పాలకుల పాత అలవాటు: తప్పెప్పుడూ పనిముట్టుదే. ఒక పెన్సిలు జత చేస్తున్నాను. పెన్సిలు గడ్డకట్టదు. ఇక సాకులుండవు.

కుళాయి విశ్రాంతి తీసుకుంటోందా? మా కుళాయి మాత్రం శ్రామికురాలు, పొద్దున్నుంచీ పనిలోనే ఉంది.

మీ జాబులో చప్పుడు గురించి రాసిన ముక్క అత్తయ్య రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి ‘నెమ్మదిగా’ అంది. వెటకారం తనకి మీ కంటే బాగా వచ్చునని ఇప్పటికైనా గ్రహించండి.

టిక్కు మార్చారా?

మీ మేనకోడలు


ఉత్తరపు కొస, వంటగది కిటికీ
మార్చి 24

చిరంజీవి కరపత్రానికి,

పెన్సిలు అందింది. చూశావా, అక్షరాలు మళ్ళీ నిలబడ్డాయి.

మంచు కరుగుతోంది. చూరు నుంచి బొట్లు బొట్లుగా రోజంతా సంగీతం. తోపులో గడ్డి బయటపడింది. నిన్న స్వెట్టరు ఒకటి తగ్గించాను. (ఎన్నింటిలోంచి అని అడగకు.) పొద్దున్న కుర్చీ బయట వేసుకుని కూర్చుంటే అటుగా వెళ్ళేవాళ్ళందరూ ఆగి పలకరిస్తున్నారు. చలికాలమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోని జనం, ఇప్పుడు బంధువుల్లా మాట్లాడతారు.

ఇక మీ వంతు. ఏప్రిల్ వస్తోంది. నీ శ్రామికురాలైన కుళాయి ఏం పోస్తుందో రాయి, టీ పొడి వేస్తే సరిపోతుందనుకుంటా. సూర్యుడు మీవాడన్నావు కదా, తీసుకెళ్ళి లోపల పడుకోబెట్టుకోండి.

మామయ్య


దక్షిణపు కొస, పాత క్వార్టరు, తడి గోనెపట్టా కట్టిన కిటికీ
ఏప్రిల్ 17

గార్డుగారికి,

ఎండా? ఏ ఎండ? ఓ, అదా. మాకు అలవాటే.

ఒళ్ళంతా చెమట పడితే లోపలి మలినం పోతుందని రెండో నంబరు ఆరోగ్య కరపత్రం చెబుతోంది. ఆ లెక్కన ఈ వీధిలో మా అంత నిర్మలమైన మనుషులు లేరు. ప్రెస్సులో కాగితం చేతికి అతుక్కుంటోంది, జిగురు డబ్బాలోనే ఆరిపోతోంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వీధిలో కుక్క కూడా కనపడదు. ప్రశాంతత! మీ మంచులో మాత్రమే ఉందనుకున్నారా?

అత్తయ్య ఎండని లెక్కచెయ్యదు. ఇంతటి మధ్యాహ్నంలోనూ రోజుకి మూడుసార్లు వీధి చివర పాల డిపోకి నడిచి వెళ్తుంది. ఇద్దరు మనుషులం, మూడుసార్లు పాలెందుకో నాకు తెలీదు. ఒక్కోసారి గిన్నె ఖాళీగానే తిరిగొస్తుంది. డిపో నడిపేది తనతో లాండ్రీలో పనిచేసిన స్నేహితురాలు, కబుర్లట. నిన్న మాత్రం కొంచెం పెందలాడే పడుకుంది. అంతే.

మేం బాగున్నాం. మాకేం.

మీ మేనకోడలు


ఉత్తరపు కొస
ఏప్రిల్ 26

కరపత్రమా,

పెందలాడే పడుకుందా?

నేను డ్యూటీ నుంచి ఏ వేళకొచ్చినా ఆ మనిషి పడుకుని ఉండగా చూడలేదు. పెందలాడే అంటే ఎన్నింటికి? తనే పడుకుందా, ఎవరైనా పడుకోబెట్టారా? గోనెపట్టా రోజుకి ఎన్నిసార్లు తడుపుతున్నావు? నీ నిర్మలత్వం సంగతి తర్వాత, ముందు ఇది రాయి.

ఇక్కడ వాతావరణం అద్భుతంగా ఉంది, అదే అనుకుంటున్నా.

అన్నట్టు, ఆఫీసు నుంచి అక్కడికి కవరేమైనా వచ్చిందా? ఏం లేదు, ఊరికే.

మామయ్య


దక్షిణపు కొస, పాత క్వార్టరు, బక్కెట్టు పక్కన
మే 6

గార్డుగారికి,

తప్పు మళ్ళీ జరిగింది. చేసింది మళ్ళీ మీరే. కానీ ఈసారి బోనులో మీ పక్కన ఇంకొకరికి చోటివ్వాలి. ఎవరో చివర్లో చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు నవ్వుతూ చదువుతారు.

కవరు వచ్చింది. శనివారం మధ్యాహ్నం. పైన అత్తయ్య పేరుంటే నేనే చింపాను (అదీ తప్పే). లోపల ‘మార్పు ఫారం’. మంచు కాలనీ రద్దు, ఎండల కాలనీ ఖరారు, కింద మీ సంతకం, జాగ్రత్తగా కూడబలుక్కుని పెట్టింది, తేదీ ఫిబ్రవరి ఇరవై. పక్కన భార్య సంతకానికి ఖాళీ గడి.

ఫిబ్రవరి ఇరవై! ‘మంచు కరుగుతోంది, చూరు నుంచి సంగీతం’ అని మార్చిలో రాసినప్పటికి మీరు నెలరోజుల కిందటే ఓడిపోయి ఉన్నారన్నమాట. చదివి ఎగిరి గంతేశాను, నిజంగానే. దూలానికి తల తగిలింది. గెలిచాం! ఆర్నెల్ల పోరాటం! ఫారం, పెన్ను తీసుకుని వంటగదిలోకి పరిగెత్తాను.

అత్తయ్య స్టూలు మీద కూర్చుని రెండు పాదాలూ బక్కెట్టు నీళ్ళలో పెట్టుకుని ఉంది. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

“మళ్ళీ కాగితమే వచ్చిందన్నమాట” అంది.

“అత్తయ్యా, గెలిచాం!”

“ఎవరం?”

“మనం! మామయ్య దిగొచ్చాడు. నీ ఎండ నీకే!”

“నేను పందెంలో ఉన్నట్టు నాకెవరూ చెప్పలేదే.” ఫారంతో విసురుకుంటూ అంది. “నాకు ఎండ కావాలని ఎప్పుడన్నానే?”

తీసిన పెన్ను మూత మళ్ళీ పెట్టేశాను.  

“ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిరి ముందు నిలబడ్డాను. దుప్పట్లు, గౌన్లు, గలీబులు. ఇంకా వేడి చాల్లేదనుకున్నావా నాకు? సూర్యుడు మావాడని రాశావట. నీవాడైతే నువ్వుంచుకో తల్లీ, నాకొద్దు.”

“మరి మామయ్యతో ఎందుకు వెళ్ళలేదు?”

“సర్దు అన్నారు. వస్తావా అనలేదు.”

ఇంకా అంది, ఇది కాస్త నెమ్మదిగా: “పెళ్ళైన కొత్తల్లోనే అడిగాను, ఒక్కసారి మీ బండిలో తీసుకెళ్ళి ఆ మంచు చూపించమని. ఏముంది అక్కడ, తెల్లగా ఉంటుంది, అన్నారు. తర్వాత కూడా అడిగాను. తెల్లగా ఉంటుంది అనే అన్నారు. ఆ తెలుపు కోసమేనే నేనడిగింది. నా బతుకంతా తెల్లబట్టలు ఉతికాను. ఎవరూ ఉతక్కుండానే తెల్లగా ఉన్నది ఒక్కటైనా చూద్దామని.”

అప్పుడు వెళ్ళి పాల డిపో ఆవిణ్ణి నిలదీశాను. అక్కడ పాల క్యాన్లు పెట్టే చల్లగది ఉంది. అత్తయ్య రోజుకి మూడుసార్లు వెళ్ళేది ఆ గదిలో ఒక ఖాళీ డబ్బా మీద కూర్చోడానికట. తలుపు వేసుకుని, పావుగంట, ఊరికే, కళ్ళు మూసుకుని. ఏప్రిల్ పదహారున ఆ గదికి చేరేలోపే మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. మీకు ‘పెందలాడే పడుకుంది’ అని రాసింది ఆ పడుకోవడమే. డాక్టరు ఈ ఎండలో బయట తిరగొద్దన్నాడు. ఇప్పుడు బాగుంది. మీరు గెలుస్తారేమోనని రాయలేదు. రాసేటప్పుడు అది ఎత్తుగడ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే దాని పేరు అది కాదు.

నిన్న ప్రెస్సులో ఆ ‘ఏకపక్ష నిర్ణయం’ కరపత్రం మళ్ళీ అచ్చుకి వచ్చింది. మొట్టమొదటిసారి కాగితం తిరగేసి కింద వైపు చదివాను. ఆరో పేజీలో ఉంది: ‘నీవు ఎవరి తరఫున గొంతెత్తుతున్నావో వారు పక్కగదిలోనే ఉండవచ్చు. ముందు పోయి తలుపు తట్టు.’ నవంబరు నుంచీ అది నా చేతుల కిందే ఉంది. నాలుగొందలసార్లు మడిచాను.

బోనులో రెండో మనిషి ఎవరో అర్థమైందనుకుంటాను. నవ్వుకోండి. కానీ నేను ఒక్కసారే చేశాను, మీరు రెండుసార్లు.

ఫారం మీద అత్తయ్య సంతకం లేదు. బక్కెట్టు కింద పెట్టింది, నీళ్ళు ఒలికితే పీల్చుకోడానికి.

మీ మేనకోడలు


ఉత్తరపు కొస, ఏడో నంబరు, మెట్ల మీద
మే 14

అమ్మలూ,

నవ్వలేదు.

పెన్ను గడ్డకట్టలేదు. జనవరి ఏడున మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. ఆ చిన్న జాబు ఎడంచేత్తో రాశాను. బొత్తాలు పెట్టుకోలేక రెండు రోజులు కోటుతోనే పడుకున్నాను. ఇంజన్ డ్రైవరు వచ్చి స్టవ్వు వెలిగించింది స్నేహం కొద్దీ కాదు, నేను గడ్డకట్టుకుపోతానని. కట్టు విప్పిన రోజు తిన్నగా ఆఫీసుకెళ్ళి మార్పు ఫారం అడిగాను. ఆ చేత్తో పెట్టిన మొదటి సంతకం అదే.

ఇంకో సంగతి చెప్పాలి. రన్నింగ్ రూములో పనిచేసిన అటెండరు ఈ కాలనీలోనే ఉంటాడు, పన్నెండో నంబరు. కట్టుతో ఉన్నప్పుడు నన్ను చూడ్డానికి వచ్చాడు. ఆయన పేరు కూడా నాకు అంతకుముందు తెలీదు, ముప్పై నాలుగేళ్ళు ఆయన కాచిన టీ తాగాను. చలి ఇలా ఉంటుందనుకోలేదయ్యా అన్నాను. నవ్వి అన్నాడు: “మీకు చలెలా తెలుస్తుందండీ? మీ బండి వచ్చే రెండు గంటల ముందు నేను లేచి దాన్ని గదిలోంచి ఊడ్చేసేవాణ్ణి.”

నాకు చలి తెలుసని ఊరంతా చెప్పుకున్నాను. నాకు తెలిసింది ఆయన పనితనం. ఎండ కూడా అంతే. బండి కదులుతుంటే వెనక పెట్టెలో గాలి వేస్తూనే ఉండేది. కాలిన నేల మీద నిలబడింది మీ అత్తయ్య. నీ కరపత్రాల్లో దీనికి పెద్ద మాటేదో ఉండే ఉంటుంది. నాకైతే సిగ్గేసింది, అంతే.

ఇప్పుడు చూడు, మీ అత్తయ్య మంచు కావాలంటోంది. నేను ఎండ కావాలని రాసిచ్చాను. నిజం చెప్పనా? ఇంకో చలికాలం ఈ చేతికి భయం. మీ అత్తయ్య పక్కనుంటే ఆ భయం ఎంత తగ్గుతుందో తెలీదు, ఎప్పుడూ లెక్కేసి చూడలేదు. తగ్గుతుందని అబద్ధం రాయను. తను లేకుండా ఎండలో కూర్చోవడం మాత్రం నావల్ల కాదు. రెండూ నిజమే, ఏం చెయ్యమంటావ్?

అడగమంటున్నావు. పచ్చజెండా ఊపేటప్పుడు నేనెప్పుడూ ప్రయాణికుల్ని అడగలేదే, వెళ్దామా అని. టైమైంది, ఊపాను, బండి కదిలింది. ఇంట్లోనూ అలాగే ఊపుతూ వచ్చాను కాబోలు. ఎలా అడగాలో నువ్వే నాలుగు ముక్కలు రాసి పంపు. కరపత్రంలాగే ఫర్వాలేదు, చూసి చదువుతాను.

పడిపోయినప్పుడు తలకి దెబ్బేమీ తగల్లేదు కదా? ఈసారి నేనే అడిగానని చెప్పు.

మామయ్య


దక్షిణపు కొస, సగం ఖాళీ అయిన పాత క్వార్టరు
మే 20

మామయ్యా,

ఈసారి కొట్టెయ్యలేదు, చూశారా.

మీ జాబు అత్తయ్యకి పూర్తిగా చదివాను, ఏ ముక్కా మింగకుండా. చెయ్యి విరిగిన చోట “మరోసారి చదువు” అంది. కోటుతో పడుకున్న చోట ‘అయ్యో’ అనలేదు, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. అటెండరు మాట దగ్గర మాత్రం గట్టిగా నవ్వింది. “ఆయన్ని కలవాలి నేను. ఒకే ఉద్యోగం చేశాం” అంది.

తలకి దెబ్బ తగల్లేదు. మీరడిగారని చెప్పాను. “ఊఁ” అంది. ఆ ‘ఊఁ’ పొడుగు ఎంతో కాగితం మీద రాయడం రాదు.

మీకు నాలుగు ముక్కలు రాసివ్వబోతే అత్తయ్య కాగితం లాక్కుంది. “నువ్వు రాసిచ్చింది ఆయన చదివితే అది నువ్వు అడిగినట్టు. నీకెప్పుడో చెప్పాను నా జవాబు, ఆయనకే చెప్పలేదు” అంది. మరి ఆయనకేం చెప్తావు అంటే, “అడిగినప్పుడు మొహం చూసి చెప్తాను. చెయ్యి కూడా చూడాలి” అంది. ఏం చెబుతుందో నాకు తెలీదు మామయ్యా. తనకీ తెలీదనుకుంటాను. ఆవిడ తరఫున ఇక నేను ఒక్క ముక్క మాట్లాడను. ఈ కింద ఉన్నవన్నీ ఆవిడే అంది, నేను రాసుకున్నాను, రాశాక చదివి వినిపించి ఒప్పించుకున్నాను.

రెండు కొసల నుంచీ బయల్దేరే బండ్లు నడుమ జంక్షన్‌లో పగలు పదకొండు నలభైకి ఎదురవుతాయి. ఇరవై నిమిషాలు ఆగుతాయి. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, నిద్రలో లేపినా మీరే చెబుతారు. ఆదివారం, మే ఇరవై ఆరు, అత్తయ్య ఈ కొస నుంచి ఆ బండిలో వస్తుంది. మీరు ఆ కొస నుంచి రండి. తన టికెట్టు జంక్షన్ దాకానే కొంది. మీరూ అక్కడి దాకానే కొనండి. అక్కడి నుంచి ఎటన్నది ఆ ఇరవై నిమిషాల్లో తేలాలి.

ఫారం వెంట తెస్తోంది. బక్కెట్టు గుండ్రంగా అచ్చు పడింది గానీ సంతకం గడి శుభ్రంగానే ఉంది. మీరు గుమాస్తా పెన్ను తెండి. పని అయ్యాక ఇచ్చేద్దాం.

మీరు అడక్కుండా వాతావరణం గురించి మాట్లాడుతూ ఇరవై నిమిషాలు గడిపేస్తే కూడా తన దగ్గర ఏర్పాటుంది. పన్నెండింటికి ఉత్తరానికి పోయే బండి ఎక్కుతుంది. ఏడో నంబరు ఇల్లు ఇద్దరిదీ కాబట్టి తాళంచెవి ప్లాట్‌ఫారం మీద మీ చేతిలోంచి తీసుకుంటుంది. ఆ తర్వాత మీరెక్కడుంటారో తన టిక్కు చెప్పదంది. (ఆ వాక్యం నాదేనని నేను అభ్యంతరం చెప్పాను. “బాగుంది, నాకు నచ్చింది, వాడుకుంటున్నాను” అంది.)

నేను రావడం లేదు. రానన్నాను, బతిమాలినా రానన్నాను, ఎవరూ బతిమాలలేదు. క్వార్టరు తాళాలు ఆఫీసులో నేనే ఇచ్చేస్తాను, ప్రెస్సు వెనక గది చూసుకున్నాను. కిటికీ చిన్నది, ఎండ బోలెడు. నన్నెవరూ అడగలేదు గానీ నాకిదే ఇష్టం.

పొద్దున్న అత్తయ్య పెట్టె సర్దింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. అన్నింటికన్నా పైన మీ పాత పచ్చజెండా మడతపెట్టి పెట్టింది, మీరు గోడకే వదిలేసిపోయింది. ఇస్త్రీ చేసి మరీ. ఇది ఎందుకత్తయ్యా అంటే, “ఇరవై నిమిషాలూ అయ్యాక ఎవరో ఒకరు ఊపాలి కదా” అంది.

కాబట్టి ఇది పిలుపు. ఆదివారం, పగలు పదకొండు నలభై. జంక్షన్, మూడో ప్లాట్‌ఫారం, నీళ్ళ కుళాయి దగ్గర. అందరూ తప్పక రావాలి.

అందరూ అంటే మీరే.

మీ
కరపత్రం